సాతంరాయిలో కట్ - పేస్ట్

ఉదయం పదీ ఇరవైకి ఎయిర్‌పోర్ట్ దగ్గరి సాతంరాయి సర్వీస్ రోడ్డు మీద ఏజెంట్ మల్లేశ్వర్‌ను లారీ గుద్దింది. అది ప్రమాదం కాదు. లారీ వెనక్కి వచ్చి రెండోసారి గుద్దింది. చనిపోయే ముందు అతను పంపిన మెసేజ్‌లో నాలుగే మాటలు: "ఫైలు కార్గో ఆఫీసులో ఉంది."

పావుగంటలో ఏజెంట్ కాలేబు ఇయర్‌పీస్‌లో చీఫ్ శివశంకర్ గొంతు పలికింది.

"అసైన్‌మెంట్ విను. విదేశాల్లో మన గూఢచారులు నలభై ఒక్క మంది ఉన్నారు. వాళ్ళ చిరునామాలు, వాళ్ళను వెనక్కి పిలిచే సంకేతాలు ఒకే ఫోల్డర్లో ఉన్నాయి. దొంగ దాన్ని కాపీ చేయలేదు. కట్ చేసి తీసుకెళ్ళాడు. మన దగ్గర ఖాళీ డ్రైవ్ మిగిలింది."

"బ్యాకప్?"

"అదీ తుడిచేశాడు. ఫోల్డర్ తిరిగి మన చేతికి రావాలి. అక్కడ ఆనవాలు కూడా మిగలకూడదు."

"లోపల మన మనిషి ఎవరు సార్?"

"రేచల్. రెండు నెలలుగా వాళ్ళకూ పనిచేస్తోంది. ఇప్పుడు ఎటువైపో నాకు తెలియదు."

పదకొండున్నరకు నీలం యూనిఫాం, పెట్టుడు మీసం, భుజాన టూల్ బ్యాగ్‌తో కాలేబు కార్గో ఆఫీసు మెట్లెక్కాడు. పైన విమానం దిగుతుంటే కిటికీ అద్దాలు గలగలమన్నాయి. రిసెప్షన్‌లో నల్ల పట్టుచీర, ఎర్రని పెదవులు, ఖరీదైన సెంటు వాసన. రేచల్.

"ప్రింటర్ చూడనీకి వచ్చిన మేడం. టోనర్ ఉన్నదా?"

"నల్లది అయిపోయింది. నీలం ఉన్నది."

కోడ్ సరిపోయింది. కానీ ఆమె అతని ముఖం వైపు చూడలేదు.

లోపలి గదిలో డెస్క్‌టాప్ కంప్యూటర్. సీపీయూను ఇనుప పెట్టెలో పెట్టి వెల్డింగ్ చేశారు. యూఎస్‌బీ పోర్టు ఒక్కటే బయటికి ఉంది. ఇయర్‌పీస్‌లో గరగర. సిగ్నళ్ళను ఆపే జామర్! కాలేబు స్క్రూడ్రైవర్ పిడి విప్పి అందులోని పెన్‌డ్రైవ్ గుచ్చాడు. ఫైలు కదిలిన కొద్దీ దాని పాత చోటును చెరిపేసే ప్రోగ్రాం అందులోనే ఉంది. ఫోల్డర్ మీద రైట్ క్లిక్. కట్. పెన్‌డ్రైవ్‌లో పేస్ట్.

తెర మీద ఆకుపచ్చ గీత మొదలైంది. మిగిలిన సమయం పన్నెండు నిమిషాలు.

"ఎందుకీ తిప్పలు?" రేచల్ తలుపు దగ్గర నిలబడి ఉంది. "పొద్దుగాల్నే కాపీ పెన్‌డ్రైవ్‌ల పోయింది. వీరేందర్ మనిషి ఎయిర్‌పోర్ట్‌ల కూసున్నడు. సెక్యూరిటీ చెక్ గూడ అయిపోయింది."

వీరేందర్ ఈ ముఠాకు ఇక్కడి నాయకుడు.

"కాపీ ఎవరు చేసిన్రు?"

"నేనే. వీరేందర్ పక్కన నిలబడి చూసిండు."

నలభై ఒక్క ఇళ్ళు. ముందు ఏ తలుపు తడతారో! సాయంత్రానికి ఎందరు మిగులుతారో! ఇక ఈ ఫోల్డర్ తెచ్చినా శవాల లెక్కకే పనికొస్తుంది. అయినా కాలేబు మౌస్ వదల్లేదు. అరవై ఒక్క శాతం.

బయటి గదిలో ల్యాండ్‌లైన్ మోగింది. ఎత్తింది వీరేందర్. అవతల ఎయిర్‌పోర్ట్‌లోని మనిషి.

"ఏంది, ఓపెన్ అయితలేదా? సైజు ఎంత చూపిస్తున్నది? రెండు కేబీనా?"

రేచల్ తలుపు మూసింది. "వానికి ఇచ్చింది షార్ట్‌కట్," అంది గుసగుసగా. "పేరుంటది, బొమ్మ ఉంటది. లోపల ఏముండదు. ఈ కంప్యూటర్లనే తెరుచుకుంటది."

"ముందే ఎందుకు చెప్పలే?"

"నువ్వు ఎవరి మనిషివో నాకెట్ల తెలుస్తది అన్నా? మల్లేశ్వర్‌ను పట్టిచ్చింది మీ ఆఫీసోడే."

తలుపు బద్దలయ్యేలా తెరుచుకుంది. వీరేందర్ చేతిలో సైలెన్సర్ పిస్టల్. రేచల్ టేబుల్‌కు అడ్డంగా నిలబడింది. రెండు చప్పుళ్ళు. ఆమె కూలిపోయింది. కాలేబు టూల్ బ్యాగ్‌తో బలంగా కొట్టాడు. పిస్టల్ ఎగిరిపడింది. వీరేందర్ నేల మీద పాకుతూ కంప్యూటర్ ప్లగ్ లాగేశాడు.

తెర నల్లబడింది. అంతకు ఒక్క సెకను ముందే ఆకుపచ్చ గీత నిండిపోయి మాయమైంది.

కాలేబు వీరేందర్‌ను కేబుల్‌తో కట్టేసి, పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకుని రేచల్‌ను ఎత్తుకున్నాడు.

"దవాఖానకు పోదాం. జర ఓపిక పట్టు."

"గేట్ ఇరవై ఆరు. పచ్చ చొక్కా," అంది. మెట్ల మీద మళ్ళీ పెదవులు కదిలాయి. "నా పేరు రెండు దిక్కుల రాసుకున్నరు అన్నా. ఇగ రెండు దిక్కుల కొట్టేస్తరు."

కింది మెట్టు చేరేసరికే ఆమె ఊపిరి ఆగింది.

బయటికి రాగానే ఇయర్‌పీస్ మళ్ళీ పలికింది. కాలేబు చీఫ్‌కు ముందు గేట్ నంబర్ చెప్పాడు. తర్వాత అన్నాడు: "ఫోల్డర్ నా దగ్గరే ఉంది సార్. ఆఫీసుకు తేను. దొంగ మన ఆఫీసులోనే ఉన్నాడు."

శివశంకర్ అడిగాడు: "అయితే ఎవరికి ఇస్తావు?"

కాలేబు ఇయర్‌పీస్ తీసేశాడు.

అర్ధగంట తర్వాత గేట్ ఇరవై ఆరు దగ్గర నలుగురు సెక్యూరిటీ వాళ్ళు పచ్చ చొక్కా మనిషిని చుట్టుముట్టారు. అతను ల్యాప్‌టాప్ నుంచి తలెత్తలేదు.

"ఒక్క నిమిషం ఆగున్రి భయ్యా," అన్నాడు డబుల్ క్లిక్ చేస్తూనే. "సిస్టం జర స్లో ఉన్నది."