నాంపల్లి మందిరంలో లైవ్

"వారమంతా పనిచేస్తది. ఆదివారం మాత్రం చెయ్యదు. గిట్లాంటి బాక్సు యాడన్న ఉంటదా?"

అబిడ్స్‌లోని ఆ ఎలక్ట్రానిక్స్ షాపు కౌంటర్ మీద జెర్లిన్ ఒక నల్ల డబ్బాను ఠక్కున పెట్టింది. అరచేతంత ఉంటుంది. టీవీకి తగిలిస్తే ఇంటర్నెట్‌లో వచ్చేదంతా తెర మీద చూపించే స్ట్రీమింగ్ బాక్సు అది.

కౌంటర్ వెనకున్న యువకుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆదివారం మాకు గూడ సెలవే కదండి. దానికి గూడ ఇచ్చిన్రేమో."

"జోకా?"

"మీ కోపం జర తగ్గుతదేమోనని."

తగ్గలేదు. అతని చొక్కాకున్న పేరు చదివింది. జాబెజ్.

"పేరు చూస్తే మనోళ్ళే ఉన్నరు. మందిరం పనంటే మజాకా మీకు?"

అతని మొహంలో నవ్వు చటుక్కున మాయమైంది. స్టూలు ఇటు జరిపాడు. "మందిరానికని ముందుగాల చెప్పొద్దా? కూసోన్రి. మొత్తం చెప్పన్రి."

చెప్పింది. నాంపల్లి స్టేషన్ వెనక సందులో వాళ్ళ క్రైస్తవ ప్రార్థన మందిరం. నలభై కుటుంబాల చిన్న సంఘం. మెదక్ దిక్కున ఉన్న తల్లి సంఘంలో ఏటా మహాసభ జరుగుతుంది. ఈ ఏడాది మొదటిసారి దాన్ని లైవ్‌లో ఇస్తున్నారు. నాయనమ్మ ఆగ్నెస్ అరవై ఏళ్ళు వరసగా ఆ సభకు వెళ్ళిన మనిషి. తుంటి ఎముక విరిగాక మూడేళ్ళుగా వెళ్ళలేకపోయింది. అలా దూరం పోలేని పెద్దవాళ్ళు సంఘంలో పద్నాలుగు మంది. "నిన్ను గాడికి తీస్కపోలేను గాని, గాడ జరిగేదాన్నే గీడికి తీస్కొస్త" అని నాయనమ్మకు మాటిచ్చింది జెర్లిన్.

"మా నాన్న జార్జి సంఘ పెద్ద. మందిరంల టీవీ ఏందని ముందుసంది ఆయనకు ఇష్టం లేదు. రెండు ఆదివారాలు టెస్టింగ్ పెట్టినం. రెండుసార్లు తెర మీద చుక్కలు గుండ్రంగ తిరుగుడే. వచ్చే ఆదివారమే పదింటికి మహాసభ. ఆరోజు గూడ రాకపోతే టీవీ దించేస్తడు. నాయనమ్మకు నేనేం మొహం చూపియ్యాలె?"

అంటూనే వేలాడుతున్న కేబుళ్ళ వైపు మొహం తిప్పుకుంది.

"రేపు పొద్దుగాల షాపు తియ్యకముందే వస్త" అన్నాడు జాబెజ్ నెమ్మదిగా.

వచ్చాడు. బాక్సు పెట్టాడు. పాటలు, ప్రసంగాలు గలగలా వచ్చాయి. మందిరానివి పాతకాలపు రాతిగోడలు, లోపల సిగ్నల్ అందదు. అందుకని జెర్లిన్ తలుపు పక్క కిటికీలో బ్యాటరీతో నడిచే, సబ్బుబిళ్ళంత తెల్లటి వైఫై డబ్బీ పెట్టింది. దాన్ని కూడా చూశాడు. బాగానే ఉంది. అయినా శుక్రవారం వచ్చి వైరు మార్చాడు. శనివారం వచ్చి ఆ వైరు తీసి పాతదే పెట్టాడు.

"ఇంతకూ ఏం రిపేరు చేస్తున్నరు?" నడుం మీద చెయ్యేసుకుని అడిగింది జెర్లిన్.

"ఏంలేదండి. మంచిగనే ఉంది."

"మరి మూడు రోజులసంది ఎందుకొస్తున్నరు?"

"మంచిగుందో లేదో చూద్దామని."

నవ్వు ఆపుకోవడానికి ఆమె చాపలు దులపడం మొదలుపెట్టింది. దులిపినంతసేపూ అతను వైరు చుడుతూ తన సంగతులు చెప్పాడు. నాన్న లేరట. అమ్మ స్కూలు టీచరట. ఇంట్లో అతను చేసిన చాయ్‌కి అమ్మ ఇప్పటికీ మార్కులేస్తుందట, పదికి నాలుగు.

వెళ్ళబోతూ ఆగాడు. "రోజూ చెయ్యంది మీరు ఆదివారం ఏం చేస్తరు?"

"ప్రార్థన."

"అయితే ప్రార్థనకే వస్త. జనం నిండినంక ఏమయితుందో కండ్లార చూడాలె. సికింద్రాబాద్‌ల మాకు ఏడింటికే ఆరాధన. అయినంక ఇటే."

ఆదివారం ఒకటే వాన. జెర్లిన్ వెనక గదిలో సండే స్కూలు ముగించి బయటికి వచ్చేసరికి పదికి పది నిమిషాలు తక్కువ. మందిరం నిండిపోయింది. చాపల మీద ఇటు ఆడవాళ్ళు, అటు మగవాళ్ళు. ముందు వరసలో కుర్చీల్లో పెద్దవాళ్ళు, ఇస్త్రీ బట్టలతో, పెళ్ళికొచ్చినట్టు.

తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి.

తండ్రి గోడగడియారం వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు.

తలుపు దగ్గర జాబెజ్, వానకు తడిసి నిలబడి ఉన్నాడు. అక్కడే స్టూలు మీద నాయనమ్మ, ఎదురుగా ఇనప పెట్టె. ఫోన్లు వచ్చిన కాలం నుంచి ఆ మందిరంలో అదొక పద్ధతి. ఎవరైనా సరే ఫోను ఆపి ఆగ్నెస్ చేతికివ్వాలి. చివరి ఆశీర్వాదం అయ్యేదాకా పెట్టె తెరుచుకోదు. జాబెజ్ తన ఫోను ఇచ్చి, కిటికీ వైపు చూసి, అలాగే ఉండిపోయాడు. జెర్లిన్ అటు చూసింది.

కిటికీ ఖాళీ. తెల్ల వైఫై డబ్బీ లేదు.

"ఎవరో గాని బిడ్డా, ప్రతి ఆదివారం గీ కిటికీల ఫోను పెట్టి మరిచిపోతున్నరు" అంటోంది నాయనమ్మ అతనితో. "ఎంత ఒత్తినా ఆరదు. బట్టల సుట్టి అడుగున పెడ్తున్న. కూటమయినంక మల్ల కిటికీలనే పెడ్తున్న, పాపం ఎవరిదోనని."

జెర్లిన్‌కు అర్థమైంది, ఇనప పెట్టెలోంచి సిగ్నల్ ఎలా వస్తుంది? ఎవరి కోసం ఇదంతా తెచ్చిందో, ఆ చేతులే దాన్ని రెండు వారాలుగా పెట్టెలో దాస్తున్నాయి! ఇప్పుడు చెబితే నలభై కుటుంబాల ముందు నాయనమ్మ తల వంచుకోవాలి. ఇంకెప్పుడూ ఆ స్టూలు మీద కూర్చోదు. అసలు ఆ డబ్బీ ఏమిటో ఆమెకు చెప్పంది తనే.

జాబెజ్ అప్పటికే స్టూలు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అమ్మా, అది ఫోను గాదు. టీవీకి నెట్ ఇచ్చేది. మెషిన్ పని చూసేటోణ్ణి నేను. మీకు ముందుగాల చెప్పకపోవుడు నాదే తప్పు."

నాయనమ్మ గొంతు మందిరమంతా మోగింది. "ఏందయ్యా, గింత చదువుకున్నవ్! ద్వారం కాడ కూసున్న ముసల్దానికి ఒక్క మాట చెప్పొద్దా?"

అందరూ వెనక్కి తిరిగారు. జార్జి కనుబొమలు ముడిపడ్డాయి. జెర్లిన్ నోరు తెరవబోయింది. వద్దన్నట్టు జాబెజ్ తల కొంచెంగా ఊపాడు.

"తప్పయిందమ్మా."

"అయితది మరి!" అంటూ ఆమె బొడ్లోని తాళంచెవి తీసి పెట్టె తెరిచింది.

తెల్ల డబ్బీ కిటికీలోకి వెళ్ళింది. తెర మీద చుక్కలు తిరిగాయి, తిరిగాయి, ఆగాయి.

గోడ మాయమైపోయింది.

ఆ చోట ఒక మహా మందిరం. ఎత్తైన రాతి స్తంభాలు, రంగుటద్దాల వెలుగు, కనుచూపు మేర తెల్లని ముసుగులు. గంట మోగింది. అక్కడా వానే. ఆ వాన చప్పుడు ఈ వాన చప్పుడులో కలిసిపోయింది. వేలమంది పాట అందుకుంటే చిన్న మందిరం తలుపులు సన్నగా అదిరాయి.

"లేచి నిలబడుదాం" అన్నారు తెర మీద పాస్టరయ్యగారు.

కుర్చీలు కిర్రుమన్నాయి. చెయ్యి పట్టుకుంటే తప్ప లేవలేని పద్నాలుగు మందీ ఒకరినొకరు పట్టుకుని లేచారు. ఆడవాళ్ళ చెంగులు తలల మీదికి వెళ్ళాయి. టీవీ వద్దన్న జార్జి చేతులు జోడించి, అక్కడి పాటను ఇక్కడ ఎత్తుకున్నాడు.

"గా మూడో స్తంభం కాడనే నా పెండ్లయింది" అంది నాయనమ్మ. ఎవరితోనూ కాదు.

ఇన్నాళ్ళూ తను తగిలిస్తున్నది ఒక డబ్బా అనుకుంది జెర్లిన్. అందులోంచి ఇంత వస్తుందని అనుకోలేదు. పక్కకు చూసింది. ఎన్ని ఇళ్ళలో క్రికెట్ కోసం ఇలాంటివి బిగించాడో, ఆ జాబెజ్ నోరు తెరిచి తెరనే చూస్తున్నాడు. చెంపల మీద ఉన్నది వాన నీళ్ళు కావు.

సభ ముగిశాక వసారాలో చూరు నీళ్ళ పక్కన ఇద్దరూ నిలబడ్డారు.

"చెప్పాల్సింది నేను. తిట్లు మీరు తిన్నరు."

"మా అమ్మ తిట్ల ముందు గవి ఎంతండి?"

"ఇగ బాక్సు బాగైంది. మీకు ఇటు పనేం లేదు."

"ఔ, లేదు." అతను వాననే చూశాడు. "గందుకే అడుగుతున్న. పని లేకున్నా రావచ్చా? అమ్మను తోలుకొని?"

ఆమె జవాబిచ్చేలోపు జార్జి బయటికి వచ్చాడు. అతన్ని తలనుంచి పాదాల దాకా చూశాడు.

"మీది ఏ సంఘం బాబూ? అమ్మానాన్న ఏం చేస్తరు?"

పెళ్ళీడు కూతురున్న తండ్రి ఆ మాటలు ఊరికే అడగడని వసారాలో అందరికీ తెలుసు. అన్నిటికీ ఠక్కున జవాబిచ్చే జాబెజ్ తడిసిన కాలర్ సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"నాన్న లేరు నాన్నా. అమ్మ టీచరు" అంది జెర్లిన్, తల ఎత్తకుండానే. "వచ్చే ఆదివారం మనింటికి భోజనానికి వస్తున్నరు."