వైండింగ్ హాలు కప్పుపైన

ఆ హాల్లోకి పొద్దు గూకాక ఎవరూ వెళ్ళేవారు కాదు. తప్పనిసరై వెళ్ళినా తల ఎత్తేవారు కాదు.

కోయంబత్తూరులో గాంధీపురం నుంచి బస్సెక్కితే ఇరవై నిమిషాల దూరంలో ఒక నూలు మిల్లు ఉండేది. పేరెందుకు, ఇప్పుడది లేదు. అందులో దారాన్ని కోన్లకు చుట్టే వైండింగ్ హాలు. ఆ హాలుకు రెండు కప్పులు. తేమగాలి బయటికి పోకుండా, అసలు కప్పుకు నాలుగడుగుల కింద ఇనుప కడ్డీలతో ఇంకో కప్పు వేలాడదీశారు. అడ్డం పన్నెండు రేకులు, నిలువు ముప్పై ఒకటి... మొత్తం మూడు వందల డెబ్బై రెండు తెల్ల రేకులు. రెండు కప్పుల మధ్య నాలుగడుగుల చీకటి.

ఆ చీకట్లో ఒకతి ఉంది.

ఇది నాకు రాసాత్తి అత్త చెప్పింది. ఆ హాల్లో చాలామందిలాగే బయట తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడే ఆమె అక్కడ పంతొమ్మిదేళ్ళు కోన్లు చుట్టింది. ఇది జరిగింది అరవై తొమ్మిదిలోనట.

ఆడవాళ్ళకు రాత్రి షిఫ్టు లేదు. సాయంత్రం ఆరింటికి హాలు ఖాళీ అయితే మళ్ళీ పొద్దున ఆరింటికే మనిషి అలికిడి. పగలు మిషన్ల హోరులో ఏదీ వినబడదు. రాత్రి వాచ్‌మన్ మాడసామికి మాత్రం వినబడింది.

టక్... టక్... గోటితో రేకును గిల్లినట్టు.

అతను తల ఎత్తాడు. రెండు రేకుల సందు పసుప్పచ్చగా వెలుగుతోంది — ఎవరో ఒక కన్ను తెరిచి కిందికి చూస్తున్నట్టు.

మాడసామి భయస్థుడే కానీ లెక్క తప్పేవాడు కాదు. కన్ను తెరిచిన ప్రతి రాత్రికీ తలుపు మీద సుద్దతో ఒక గీత గీశాడు. ఇరవై ఒక్క రాత్రులు వెలిగింది. తొమ్మిది రాత్రులు ఆరింది. మళ్ళీ ఇరవై ఒకటి. మళ్ళీ తొమ్మిది.

ఇరవై ఒకటంటే మొక్కు. అది మొక్కు పట్టిన దెయ్యమని హాలంతా తేల్చేసింది. ఏడాదికి పన్నెండు మొక్కులు — అంత భక్తి మనుషుల్లో కూడా లేదని రాసాత్తి అత్త అంటుంది.

శుక్రవారం శుక్రవారం ఆడవాళ్ళు మల్లెపూలు తెచ్చేవారు. వైండింగ్ మేస్త్రీ ఇరుళప్పన్ ఒక్కడికే ధైర్యం. ఆయనే నిచ్చెనెక్కి, మూలన ఉన్న మూత ఎత్తి, పూలు పైన పెట్టి, దండం పెట్టి దిగేవాడు.

ఇలా రెండేళ్ళు గడిచాయి. అప్పుడు వచ్చింది ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ కాగితం. రేపు పొద్దున ఏడింటికి వస్తాను, కప్పుపైన చూస్తాను అని.

మిల్లులో దురైసామి అని ఒక వైర్‌మన్. పదకొండు నెలలుగా టెంపరరీ. ఇంజనీరు ఆ సాయంత్రం అతన్ని పిలిచి రెండే మాటలు చెప్పాడు. "పైన ఒక్క ప్లగ్గు కనబడిందా, నువ్వు ఇంటికి. కనబడలేదా, పర్మనెంట్."

రూలు కష్టమేమీ కాదు. కప్పుపైన తేమగాలి తిప్పే ఫ్యాన్ మోటార్లు ఉంటాయి. వాటికి కరెంటు ఇనుప గొట్టంలోనే పోవాలి. అక్కడ ప్లగ్గూ, వేలాడే వైరూ ఉండకూడదు. మోటారు ఆపే స్విచ్చు దాని పక్కనే, కంటికి కనబడాలి. ఎందుకంటే పైన అంతా దూది నలుసు. అక్కడ ఒక నిప్పురవ్వ పడితే కింద ఉన్నవాళ్ళకు తెలిసేసరికి హాలు ఉండదు.

రాత్రి పదింటికి ఎక్కాల్సినవాడు దురైసామి. పదికి టీ తాగాడు. పన్నెండుకు ఇంకో టీ. రెండింటికి టెస్టర్ పనిచేస్తోందో లేదో నాలుగుసార్లు చూశాడు. నాలుగున్నరకు గాని నిచ్చెన పట్టుకోలేదు.

మాడసామి కిందనుంచి గుసగుసగా చెప్పాడు. "తంబీ... ఈ పొద్దు ఇరవై ఒకటో రాత్రి."

"ఇప్పుడా చెప్పేది, అణ్ణా?"

"ముందే చెప్పుంటే ఎక్కుంటావా?"

దురైసామి మూత ఎత్తాడు. తల దూర్చాడు. ఉడుకు గాలి... ఎండిన మల్లెపూల వాసన... ఎక్కడా ఒక్క పువ్వు లేదు.

పాకడానికి ఒకే ఒక పలకల వరస. మోకాళ్ళ మీద బయలుదేరాడు. దేవుడి పేరు ఏదీ నోటికి రాలేదు. రూలు వచ్చింది. "ప్లగ్గు ఉండకూడదు... వైరు వేలాడకూడదు... స్విచ్చు కనబడాలి..." అదే జపం. పలకలు లెక్కపెట్టాడు. పదిహేను... పదహారు...

పదిహేడో పలక దగ్గర ఇనుప గొట్టం పక్కనుంచి నల్లగా ఏదో పాకుతోంది. టార్చి వేశాడు. వైరు.

పామైతే బాగుండేదనిపించింది. పాము మీద రూలు లేదు.

వైరు మధ్యలో అతుకు. అతుకుకు చుట్టింది పాత చీర పేలిక. పేలిక అంచు నల్లగా మాడి ఉంది... దాని కింద జానెడు మందాన దూది నలుసు. దురైసామికి దెయ్యం మీద భయం పోయి, దానికంటే పెద్ద భయం వచ్చింది. రెండు చేతులతో నలుసు దూరంగా ఊడ్చాడు. వైరు వెంటే పాకాడు. ఇరవై మూడు అడుగులు.

చివర ఒక చెక్కపెట్టె. మీద కంబళి. కంబళి అంచున పసుప్పచ్చని వెలుగు.

టక్.

అతను కంబళి అంచు వైపు చెయ్యి చాచాడు.

టక్... టక్... కంబళి కదిలింది.

అప్పుడే, వెనకాల, మూత కిర్రుమంది. ఎవరో పలకల మీద పాకుతున్నారు. దగ్గరికి... ఇంకా దగ్గరికి... చల్లని చెయ్యి ఒకటి అతని మడమ పట్టుకుంది.

"తంబీ..." అంది చెయ్యి. "మెల్లగా. పగులుతుండాది."

ఇరుళప్పన్ మేస్త్రీ.

మేస్త్రీ అతన్ని దాటి పాకి, పసిబిడ్డ మీది గుడ్డ తీసినట్టు కంబళి తీశాడు. నలభై వాట్ల బల్బు. దాని కింద పన్నెండు కోడిగుడ్లు. నాలుగింటికి అప్పుడే చిల్లు పడింది. ఒక చిల్లులోంచి ముక్కు కొస బయటికి పొడుస్తోంది.

"పెరియకుళం జాతి" అన్నాడు మేస్త్రీ గర్వంగా. "పొదిగే కోడిని ముంగిస ఎత్తుకుపోయింది. ఈ వేడి, ఈ తేమ... యాడ దొరుకుతాది చెప్పు? ఇరవై ఒక్క రోజుల్లో పిల్ల తప్పదు."

"మామా, నీ అతుకు మాడుతుండాది. మిల్లు అంటుకునుంటే? పగలు కింద పదకొండు మంది ఆడవాళ్ళు ఉంటారే."

మేస్త్రీ మొహంలో గర్వం దిగిపోయింది. పేలిక వైపు చూశాడు.

"నాకు తెలీదురా" అన్నాడు.

"దెయ్యమని చెప్పింది నువ్వేనా?"

"నేనేమీ చెప్పలేదు. వాళ్ళే చెప్పుకున్నారు. నేను కాదనలేదు, అంతే."

దురైసామి లెక్క వేశాడు. ఇన్‌స్పెక్టర్‌కు ఇంకా రెండు గంటల చిల్లర. ఇప్పుడే వైరు పీకితే, చిల్లు పడిన గుడ్లు చల్లబడి పిల్లలు లోపలే చస్తాయి. పీకకపోతే తన పని పోతుంది. బుట్టలో ఇంటికి తీసుకుపోదామంటే గేటు దగ్గర సోదా.

"ఆరింటి దాకా నేనిక్కడే కూచుంటాను, అతుకు కాపలా" అన్నాడు చివరికి. "ఆరింటికి ఆడవాళ్ళు వస్తారు. వాళ్ళకు నువ్వే చెప్పాల."

"చంపేస్తారురా."

"సరే. ముందు చెప్పు, ఆనక చావు."

ఆరింటికి మేస్త్రీ గుడ్ల బుట్టతో నిచ్చెన దిగి, తల వంచుకుని అంతా చెప్పాడు. రాసాత్తి అత్త నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"రెండేళ్ళు పూలు పెట్టినామే మేస్త్రీ. నీ కోళ్ళకా?"

"కోళ్ళు పూలు తినవు కదమ్మా."

"మరి ఏమాయె ఆ పూలు?"

మేస్త్రీ నేల చూశాడు. "మా ఇంట్లో మీ అక్క తలలో పెట్టుకునింది."

ఆ మాటకు ఎవరికి ముందు నవ్వొచ్చిందో తెలియదు. నవ్వుతూనే తిట్టారు, తిడుతూనే గుడ్లు అందుకున్నారు. ఒక్కొక్కరు ఒక గుడ్డు కొంగులో చుట్టి, నడుము వెచ్చదనానికి ఆనించి దోపుకున్నారు. మనుషులు పదకొండు. గుడ్లు పన్నెండు. పైన వైరు పీకి, చుట్ట చుట్టుకుని దిగిన దురైసామి చేతిలో పెట్టింది రాసాత్తి అత్త ఆ పన్నెండోది.

"పర్మనెంట్ కావాల్సింది నీకు కదా. నువ్వూ మొయ్యి."

బనీనుకూ ఖాకీ చొక్కాకూ మధ్య పెట్టుకున్నాడు.

ఏడింటికి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. సన్నటి మనిషి, కళ్ళద్దాలు. తమిళం, ఇంగ్లీషు తప్ప ఇంకో మాట లేదు. నవ్వు అసలే లేదు. మిషన్ల మధ్య నడిచాడు. పదకొండు మంది ఆడవాళ్ళూ, నడుము వంచకుండా, రాజకుమార్తెల్లా నిటారుగా కోన్లు చుడుతున్నారు.

ఆయనా దురైసామీ నిచ్చెనెక్కారు. ఇన్‌స్పెక్టర్ గొట్టాలు తడిమాడు. మోటారు పక్కన స్విచ్చు చూసి తల ఊపాడు. పదిహేడో పలక దగ్గర, ఊడ్చిన నలుసు వైపు కాస్త ఎక్కువసేపు చూశాడు. తరువాత కిందికి వంగి, మెయిన్ ఆపమని తమిళంలో కేక వేశాడు.

మిషన్లు ఆగాయి. హాలంతా ఒక్కసారి మూగబోయింది.

చీకటి... నిశ్శబ్దం...

కీచ్.

ఇన్‌స్పెక్టర్ టార్చి మెల్లగా తిరిగి దురైసామి గుండె మీద ఆగింది. చొక్కా, గుండీల దగ్గర, దానంతట అదే లేచి పడుతోంది.

ఆ చీకట్లో దెయ్యమని ఒక్క మాట అంటే చాలు. రెండేళ్ళుగా మిల్లంతా నమ్మిన మాటే. దురైసామి నోరు తెరిచాడు... మూశాడు. ఒక గుండీ విప్పాడు. తడి తల ఒకటి బయటికి వచ్చి వెలుగుకు కళ్ళు చికిలించింది.

జేబులోంచి వైరు చుట్ట తీసి ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టాడు. "ఆరింటికి పీకినాను సార్. అతుకు మాడి ఉండింది. ఇంకో పదకొండు గుడ్లు కింద ఉండాయి. నాదే బాధ్యత."

ఇన్‌స్పెక్టర్ మాడిన పేలిక విప్పి చూశాడు. వైరును రెండుగా కోసి తన సంచిలో వేసుకున్నాడు. కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. "ప్లగ్గు ఉందా" అన్న చోట పెన్ను ఆగింది. దురైసామి ఆ పెన్నునే చూస్తున్నాడు. చొక్కాలో పిల్ల కూడా ఊరుకుంది.

"లేదు" అని రాసి, కింద సంతకం చేశాడు.

దిగబోతూ నిచ్చెన మొదటి మెట్టు మీద ఆగాడు. కిందికి చూశాడు, ఎవరైనా వింటున్నారా అని. తరువాత దురైసామి చెవి దగ్గరికి వంగి గుసగుసగా అన్నాడు. తమిళం కాదు, ఇంగ్లీషు కాదు. ఇంట్లో అమ్మతో మాట్లాడే మన తెలుగు.

"బల్బు ఎన్ని వాట్లు?"

"న... నలభై సార్."

ఇన్‌స్పెక్టర్ నిట్టూర్చాడు.

"అదీ సంగతి. మేము అరవై పెట్టి ఉడకబెట్టినాము."