బెంట్లీ పాట

"ఈ మాట అబద్ధమండీ," అన్నాడు జశ్వంత్, కేటలాగు మీద గ్రీజు వేలు ఆనించి.

అనూహ్యకు ఒళ్లు మండింది. అమ్మతో ఆమె ఫోన్లో తెలుగు మాట్లాడటం విన్నట్టున్నాడు, తెలుగులోనే మొదలెట్టాడు. పరిచయం కూడా చేసుకోకుండా తప్పులు వెతుకుతున్నాడీ మెకానిక్. గురుగ్రామ్ హోటల్ లాన్‌లో వేలం ఇంకో గంటలో మొదలు. ఈ పాత బెంట్లీ కారు అమ్ముడుపోతేనే వేలం కంపెనీలో ఆమె ఉద్యోగం పర్మనెంటు.

"రిస్టోర్డ్ అని రాస్తే తప్పేంటి?"

"రిస్టోర్ అంటే రంగూ సీట్లూ అన్నీ కొత్తగా చేయడం. నేను చేసింది రీకమిషన్. ముప్పై ఏళ్లు షెడ్డులో పడుకున్న బండిని లేపి రోడ్డెక్కించానంతే. బ్రేకులు, పెట్రోలు పైపులు కొత్తవి. రంగూ సీట్లూ 1959 నాటివే. చిరుగులతో సహా."

"చిరుగుల సంగతి చెప్తే ఎవరు కొంటారు?"

"చెప్పకపోతే కొన్నాక తిడతారు. పాట మొదలవకముందే దిద్దించండి."

"పాటా? ఇక్కడ మ్యూజిక్ ప్రోగ్రామేం లేదు."

జశ్వంత్ ఆమెను ఎగాదిగా చూశాడు. "మీదే ఊరండీ?"

"ఢిల్లీలోనే, జనక్‌పురి."

"అదీ సంగతి. మా అమలాపురంలో వేలాన్ని పాట అంటారు. చేపల చెరువు కావాలన్నా పాడాల్సిందే."

"అచ్ఛా. మరి గొంతు బాగోలేనివాళ్లు?"

నవ్వు దాచుకోవడానికి అతను బానెట్ కింద తల దూర్చాడు.

వాన మొదలైంది. అందరూ షామియానా కిందికి చేరారు. బెంట్లీ వంతు రాగానే అనూహ్య మైకు అందుకుని, కేటలాగులో తన తప్పును తనే చెప్పింది. చిరుగులతో సహా. ముందు వరుసలో ఇద్దరు లేచి వెళ్లిపోయారు. వాళ్ల వెనకే తన ఉద్యోగం కూడా నడిచి వెళ్తున్నట్టనిపించింది.

ఒక ముసలి సర్దార్జీ మాత్రం కారు దగ్గరికొచ్చి సీటు తడిమాడు. "చిరుగు కూడా అసలీయేనా, బేటీ?"

"అసలీయే అంకుల్."

"అయితే ఇంజను వినిపించు."

జశ్వంత్ తాళం తిప్పాడు. షామియానా మీద వాన చప్పుడే పెద్దగా ఉంది. అంత మెత్తగా పలికింది ఇంజను. సర్దార్జీ చెయ్యెత్తాడు. వెనక వరుసలో ఇంకో చెయ్యి లేచింది. మళ్లీ సర్దార్జీ. ఏడో చేతికి సుత్తి పడింది. బండి సర్దార్జీదే.

అనూహ్య కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. "మీ పాట అయిపోయింది."

"ఇంకోటుందండి. నేనే పాడాలి. చాయ్."

ఆమెకు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. "కనీస ధర అందలేదు."

"చాయ్, సమోసా."

"ఊహూ."

"చాయ్, సమోసా, ఆదివారం ఈ బండిని సర్దార్జీ ఇంట్లో అప్పగించడానికి వెళ్తాను కదా, అందులో పక్క సీటు."

"చిరిగిన సీటేనా?"

"అదే. ముందే చెప్తున్నాను."

"ఒకటోసారి," అంది అనూహ్య.

జశ్వంత్ చేతిలో స్పానరు కదలడం మానేసింది.

"రెండోసారి."

"మేడమ్, ఇంకెవరూ పాడటం లేదు కదా," అన్నాడు బెంగగా అటూ ఇటూ చూస్తూ.

అనూహ్య కేటలాగు గుండ్రంగా చుట్టి, అతని భుజం మీద ఒక్క దెబ్బ వేసింది.