ఇంటి చూపులు

“మీ పిల్లిని కట్టేసుకోండి!”

“కట్టేసుకోడానికి అదేటన్నా మేకా అండీ?”

ఉమామహేశ్వరికీ ధర్మతేజకీ మధ్య నడిచిన మొదటి మాటలు ఇవే. అరకులోయలో ఆషాఢం వాన పడుతోంది. ఉమ కోపంగా నిలబడి ఉంది. ఆ అబ్బాయి తడిసి నిలబడి ఉన్నాడు. ఇద్దరి మధ్యా నేల మీద పోతురాజు అనే బూడిదరంగు పిల్లి కూర్చుని, నీలం రంగు అంటిన కాలిని తీరిగ్గా చూసుకుంటోంది.

ఉమ వాళ్ళ నాన్న పేరు సింహాచలం. అరకు సంత దగ్గర రంగులూ మేకులూ బల్బులూ అమ్ముతాడు. కొట్టు వెనక గదిలో ఉమ తన పని తను చేసుకుంటుంది. కర్టెన్ల మీద వలిసె పూలు వేస్తుంది, వెదురుతో దీపాలకి తొడుగులు అల్లుతుంది. హోమ్‌స్టేల వాళ్ళు వచ్చి తమ గదులు ముస్తాబు చెయ్యమని పిలుచుకుపోతుంటారు. ఉమ మనిషి ఐదడుగులు కూడా ఉండదు. నోరు మాత్రం కొండ అవతలికి వినపడుతుంది.

“పొద్దుట్నుంచీ ఏసిన కర్టెనండీ ఇది. మీ పిల్లి ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచెల్లిపోయింది. సూడండి!”

ధర్మతేజ చూశాడు. పసుప్పచ్చ పూల మధ్య నీలం అడుగులు వరసగా ఉన్నాయి.

“నిజం చెప్తే మీకు కోపమొస్తాది. పూలు ఒక్కటే ఉన్నప్పటికన్నా ఇప్పుడే బాగుందండీ.”

“బయటికెళ్ళండి.”

అతను వెళ్ళలేదు. జేబురుమాలు తీసి, కింద కూర్చుని, పిల్లి రంగు నాకకుండా దాని కాలు తుడవసాగాడు. పోతురాజు అతని చెయ్యి గీరింది. అయినా అతను వదల్లేదు, విసుక్కోలేదు. ఉమ కోపం అక్కడే కొంచెం పట్టు తప్పింది. ఆ సంగతి ఆమె చాలా రోజుల దాకా ఒప్పుకోలేదు.

అతను వెనక వీధిలో తల్లితో అద్దెకుంటున్నాడు. కాఫీ గింజలు కొనే కంపెనీలో సూపర్‌వైజరు. పిల్లి రోజూ కొట్టుకి వచ్చేది. పిల్లి కోసం అతను రోజూ వచ్చేవాడు. పిల్లికి ఇంటి దారి తెలుసనీ, దానంతటదే పోగలదనీ ఇద్దరికీ తెలుసు. ఆ మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

శ్రావణంలో అతను కాల్చిన మొక్కజొన్న పొత్తులు తెచ్చాడు. భాద్రపదంలో చిన్నమ్మలు అనే వాళ్ళమ్మ వండిన వెదురు కొమ్ముల కూర గిన్నెతో సహా వచ్చింది. తీసుకున్న గిన్నె ఖాళీగా ఇవ్వకూడదు కనక ఉమ రాగిపిండితో చోడి అట్లు పోసి పంపింది. ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయింది. ఉమకి అతనంటే ఇష్టం. వీధిలో అందరికీ అది కనబడుతూనే ఉంది, చూడాల్సిన ఇద్దరికి తప్ప.

ఆ ఇద్దర్లో ఒకావిడ, చిన్నమ్మలు, దసరా వెళ్ళగానే ఆయాసపడుతూ కొట్టుకొచ్చింది.

“ఒలే ఉమా, బేగి రంగు డబ్బాలు తీయించే. ఇల్లంతా మార్చీయాల!”

“ఏటత్తా, అంత అర్జెంటు?”

“మా తేజాకి సాలూరు సంబంధం వచ్చినాది. గుంట పేరు సాయిదుర్గ. బళ్ళో పీఈటీ అంట. మా ఆడపడుసు కుదిర్సింది. గుంటని మేం సూసీసినాం. ఇంక ఆళ్ళు ఇల్లు సూడ్డానికొత్తారు. అద్దిల్లయినా ఆ పెచ్చులూడిన గోడలు సూత్తే ఏటనుకుంటారే?”

పిల్లని చూడటం అయ్యాక పిల్ల తరఫువాళ్ళు వచ్చి అబ్బాయి ఇల్లూ వాకిలీ చూసుకోవడం అటువైపు పద్ధతి. ఇల్లు నచ్చితే ఇక పప్పన్నమే.

ఉమ నోట మాట రాలేదు. అలా జరగడం అదే మొదటిసారి కాబట్టి సింహాచలం కూడా తలెత్తి కూతురి వంక చూశాడు. కుదరదని చెప్పొచ్చు. ఎందుకు కుదరదని ఆవిడ అడుగుతుంది. ఆ ఎందుకుకి జవాబు నలుగురిలో చెప్పేది కాదు.

“అలాగే అత్తా,” అంది ఉమ.

మర్నాడు గోడలు గీకుతూ ధర్మతేజని అడిగింది. “నీకిష్టమేనా?”

“అమ్మ మాటిచ్చీసింది,” అన్నాడతను బకెట్టులో రంగు కలుపుతూ. తర్వాత అడిగాడు, “నీకు పర్లేదా ఈ పని?”

“నాకేటి? పనే కదా.”

“హుషారుగానే సేత్తన్నావులే.”

“మరి ఏడుస్తూ సెయ్యాలేటి?”

ఈమెకి పట్టనప్పుడు నాకెందుకని అతను అనుకున్నాడు. అతనికి ఇష్టమైనప్పుడు నేనెవరిని కాదనడానికని ఈమె అనుకుంది. ఇద్దరూ చదువుకున్నవాళ్ళే.

పనిలో పడ్డాక మాత్రం ఉమ అన్నీ మర్చిపోయింది. గోడలకి లేత ఆకుపచ్చ వేసింది. నట్టింట్లో అడ్డంగా ఉన్న బీరువాని మూలకి జరిపించింది. కిటికీ కింద బల్ల వేయించి దిండు పరిచింది. ఆ దిండు ఎవరి కోసమని పోతురాజు ఎవర్నీ అడగలేదు, ఎక్కి పడుకుంది. వంటింట్లో నిలబడి టీ పెట్టుకుంటే కొండ కనపడాలని పొయ్యి చోటు మార్చింది. టేపు పట్టి కొలిచే అలవాటు ఆమెకి లేదు. గోడ దగ్గర నిలబడి చెయ్యి చాస్తుంది. ఎంత వరకు హాయిగా అందితే అక్కడ పెన్సిల్ గీత గీస్తుంది. అద్దానికీ డబ్బాల అరకీ వేలాడే దీపానికీ అదే లెక్క. హోమ్‌స్టేల్లో అయితే ఓనరు పక్కనే ఉండి ‘పైకమ్మా, ఇంకాస్త పైకి’ అంటుంటాడు. ఇక్కడ అలా అనేవాళ్ళు లేరు. చిన్నమ్మలు వచ్చేవాళ్ళకి తీపి పాకుండలు వండటానికి పిండి కొట్టుకునే హడావిడిలో ఉంది. ధర్మతేజ గీత గీసిన చోటల్లా కిక్కురుమనకుండా మేకు కొట్టాడు.

పని పూర్తయిన రోజున ఉమ ఇల్లంతా ఒకసారి తిరిగి చూసుకుంది. ఇన్నేళ్ళలో తను చేసిన పనుల్లో ఇదే బాగా కుదిరిందనిపించింది. ఎందుకనిపించిందో ఆలోచించకుండా గబగబా ఇంటికి వెళ్ళిపోయింది.

సాలూరు వాళ్ళు ఆదివారం జీపులో దిగారు. సాయిదుర్గ, వాళ్ళమ్మ, మేనమామ. పొలాల్లో వలిసె పూలు విరగబూసి ఉన్న రోజులవి. జీపు దిగుతూనే మేనమామ వాటి ముందు ఫోటో తీయించుకున్నాడు. ఆయనకి శకునాల పట్టింపు ఎక్కువని తెలిసి పోతురాజుని పెరటి గదిలో పెట్టి తలుపేశారు. ఆ అవమానాన్ని అది లోపల్నుంచి వీధి వీధంతటికీ చెప్పుకుంటోంది.

ఉమ రాననే అంది. చిన్నమ్మలు ఊరుకోలేదు. “ఇల్లు సర్దినదానివి నువ్వు లేకపోతే ఏది ఎక్కడుందో నాకేటి తెలుత్తాదే?” అని లాక్కొచ్చింది. ఉమ వంటింట్లో పాకుండలు పళ్ళేల్లో సర్దుతూ నిలబడింది. వీళ్ళకి ఇల్లు నచ్చకపోతే బావుణ్ణనుకుంది. మరుక్షణం, తను సర్దిన ఇల్లు నచ్చకపోవడమేమిటని ఉడుక్కుంది.

ముందు గదిలో ఠప్‌మని చప్పుడైంది.

“ఓలమ్మో! ఏటిది?” మేనమామ తల పట్టుకున్నాడు. వెదురు దీపం అటూ ఇటూ ఊగుతోంది.

“సూసి నడవాల మావయ్యా,” అంటూ ముందుకొచ్చిన సాయిదుర్గ నుదురు దానికే తగిలింది. వాలీబాల్ ఆడిన మనిషి. వంగడం అలవాటు లేదు.

ఆ అమ్మాయి నుదురు రుద్దుకుంటూనే నవ్వి, ఇల్లంతా చూసింది. గోడలు మెచ్చుకుంది, కర్టెన్లు మెచ్చుకుంది. వంటింట్లోకొచ్చి డబ్బాల అర చూసి, “ఇది నా నడుం దగ్గరుందే!” అంది. తర్వాత నుదురు వాచిందేమో చూసుకుందామని ముందు గదిలో గోడకున్న అద్దం ముందు నిలబడింది.

“అత్తయ్యగారూ, ఇందులో నా మెడే కనపడతంది. మొహం లేదు.”

చిన్నమ్మలు కంగారుపడింది. ఆవిడా పొడగరే. కానీ ఈ వారంలో అద్దం చూసుకునే తీరిక ఆవిడకి దొరకలేదు.

సాయిదుర్గ ధర్మతేజ వైపు తిరిగింది. “మీరు నాకంటే ఎత్తు కదా. ఇందులో ఎలా దువ్వుకుంటన్నారండీ?”

“వంగి.”

“రోజూనా?”

“రోజూ.”

“మేకు పీకి పైకి కొట్టుకోవచ్చు కదా?”

ధర్మతేజ అద్దం వంక చూశాడు. పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఉమ వంక చూశాడు.

“కొట్టుకోవాలనిపించలేదండీ,” అన్నాడు.

పెరట్లో పిల్లి కూడా ఊపిరి తీసుకోవడానికి కాస్త ఆగింది.

సాయిదుర్గ ఉమ చేతిలో పళ్ళెం అందుకుని పక్కన పెట్టింది. “నువ్వోసారి ఇలా రా. ఈ అద్దం ముందు నిలబడు.”

ఉమ నిలబడింది. అద్దం నట్టనడుమ తన మొహం కనపడింది, బొట్టుతో సహా. డబ్బాల అర, దీపం, చిలక్కొయ్య, అన్నీ గుర్తొచ్చాయి. ఈ ఇంట్లో ఒక్క వస్తువు కూడా సాయిదుర్గ కోసం పెట్టలేదు. పోనీ ఈ ఇంట్లో ఉండేవాళ్ళ కోసం కూడా పెట్టలేదు. తను ఉండటానికి పెట్టుకుంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

“నేను కావాలని సెయ్యలేదు,” అంది చిన్నగా. అది కొండ అవతలికి కాదు కదా, పక్క గదిలోకి కూడా వినపడలేదు.

“కావాలని చేస్తే ఇంత బాగా కుదరదు,” అంది సాయిదుర్గ.

ఆమె తల్లి లేచి నిలబడింది. “ఏటిది వదినా? మమ్మల్ని పిలిచి ఏటి సేత్తన్నారు మీరు?”

చిన్నమ్మలు నోరు తెరిచింది కానీ ధర్మతేజ అడ్డొచ్చాడు. “అమ్మకేం తెలీదండీ. తప్పు నాది. ముందే చెప్పాల్సింది, ధైర్యం చాల్లేదు. నాకు ఉమంటే ఇష్టం. తనకి ఇష్టమో కాదో తెలీదు. ఎప్పుడూ అడగలేదు.”

“అడగడానికి నోర్లేదేటి?” ఉమ గొంతు తిరిగొచ్చింది. “రోజూ పిల్లి వచ్చిందా అని అడగడానికొస్తావు కదా! నన్నోసారి అడిగితే నీ సొమ్మేం పోయేది?”

“ఇప్పుడడుగుతున్నాను.”

“ఇంతమందిలోనా?”

“మరెప్పుడు? వీళ్ళెళ్ళిపోతే నాకు మళ్ళీ ధైర్యం పోతాది.”

ఉమకి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ కలిసి ఎక్కిళ్ళయ్యాయి. “ఇష్టమే,” అంది ఎక్కిళ్ళ మధ్య. “ఎప్పట్నుంచో ఇష్టమే.”

మేనమామ ‘పదండి పదండి’ అంటూ చెప్పులేసుకున్నాడు. సాయిదుర్గ వాళ్ళమ్మ మొహం ముడుచుకుని బయటికి నడిచింది. ఆవిడ కోపంలో తప్పు పట్టడానికేమీ లేదు. సాయిదుర్గ మాత్రం ఒక పాకుండ తీసుకుని, “ఇల్లు చూడ్డానికొచ్చాం, చూసేశాం. నిశ్చయ తాంబూలాలయ్యాక తెలిసుంటే నేను మీ ఇద్దర్నీ ఇలా వదిలేదాన్ని కాదు,” అంది ధర్మతేజతో. ఆ మాట నవ్వుతూనే అంది కానీ అందులో నవ్వులాట లేదు. అతను చేతులు జోడించాడు. జీపు వెళ్ళిపోయింది.

చిన్నమ్మలు కిటికీ కింద బల్ల మీద కూలబడింది.

“మా ఆడపడుసుకి ఏ మొహం సూపించాలిరా నాను?” అంది. “పిల్లని సూసి, మాటిచ్చి, ఇంటికి పిలిచి! ఆ గుంట మంచిది కాబట్టి సరిపోనాది. లేకపోతే ఈపాటికి మన వీధంతా గుమ్మంలో ఉండేది.”

“నేనెళ్ళి అత్త కాళ్ళు పట్టుకుంటాను,” అన్నాడు ధర్మతేజ.

“పట్టుకుంటావు. పట్టుకోక ఎక్కడికి పోతావు?”

ఉమ సుత్తి వెతికి పట్టుకుంది. “అత్తా, తప్పంతా నాదే. అన్నీ విప్పి పైకి కొట్టించేత్తాను. దీపం కూడా తీసేత్తాను.”

“ఆ సుత్తి అక్కడెట్టు,” అంది చిన్నమ్మలు.

ఉమ పెట్టేసింది. ఆవిడ లేచి ముందు గదిలోకి నడిచింది. దీపం దగ్గరికి రాగానే తల వంచి అవతలికి దాటింది. అద్దం ముందుకెళ్ళి కాస్త వంగి, కొప్పు సరిచేసుకుంది, బొట్టు దిద్దుకుంది. పెరటి గది తలుపు తీసి, అరుస్తున్న పిల్లిని అరవద్దని కసిరింది. తర్వాత వెనక్కొచ్చి, దుకాణాల వాళ్ళు మధ్యాహ్నం ఎంతదాకా నిద్రపోతారని ఉమని అడిగింది.

“మా నాన్న పడుకోడత్తా. కొట్లోనే ఉంటాడు. ఎందుకు?”

“అయితే ఆ పాకుండల డబ్బా ఇలా తే. పిల్లనడగడానికి ఉత్తి సేతుల్తో ఎల్తే ఏటి బాగుంటాది?”