పసుపంటిన సాక్షి

"తామరలు ఉండాయా, అమ్మా?"

"ఆయుధపూజకు సేవంతే మేలప్పా."

సంకేతం కుదిరింది. చిక్కబళ్ళాపురం పూలమార్కెట్టులో సేవంతి రాశుల వెనుక మాల కడుతున్న ఆ పెద్దమ్మ నిఘా విభాగపు అధిపతి వనజమ్మ అని అక్కడ ఎరిగినవాడు ఒక్కడే. యు.పి.ఎస్. మెకానిక్ వేషంలో నిలబడిన ఏజెంట్ బాలచంద్ర.

"టైమెంత?"

"తొమ్మిది యాభై."

"పదకొండుకు గండముండాది. వింటా పూలు ఏరు."

మూడు తాలూకాల ఆంబులెన్స్ పిలుపులను ఈ ఊరి సర్వర్ అందుకుంటుంది. తాను ప్రాణాలతో ఉన్నానని క్షణానికొకసారి చింతామణిలోని స్టాండ్‌బై సర్వర్‌కు హార్ట్‌బీట్ పంపుతుంది. మూడు హార్ట్‌బీట్‌లు అందకపోతే, రాజు లేని సింహాసనంపై పాదుకలు ఏలినట్లు, చింతామణి పాలన చేపడుతుంది. అదే ఫెయిలోవర్. అయితే రాజు కుశలంగా ఉండగా నడుమ తీగ మాత్రమే తెగితే? ఇద్దరు రాజులు తయారవుతారు. ఆ తగవు తీర్చడానికి బాగేపల్లిలో విట్‌నెస్ బాక్స్, అంటే సాక్షి డబ్బా, అనే మూడవ యంత్రం ఉంది. ప్రధాన సర్వర్ సజీవంగా ఉన్నంతవరకు దాని ఓటు ప్రధానానికే.

"విదేశీ ముఠా పదకొండుకు ఫైబర్ కోస్తాది. కన్ను సాక్షి మీదనే ఉండాదంట. ముఠాలో మన మనిషి నమ్రత చెప్పింది. ఆడిటర్ వేషంలో బాగేపల్లిలోనే ఉండాది, నీకు సాయం చేస్తాది."

సేవంతిమాల చేతికి తీసుకుని బాలచంద్ర బైకెక్కాడు. మనసు కుదురుగా లేదు. ప్రతి మైలురాయి దగ్గరా గడియారం చూశాడు. దారి మధ్యలో చెవిలోని ఇయర్‌పీస్ మోగింది. చింతామణి నుంచి సహచరుడు చంద్రు.

"స్టాండ్‌బైలో అడ్రెస్సులన్నీ తారుమారు చేసినారన్నా! చాకవేలు అని పిలిస్తే బండి యాడో ఉండే నాగరగెరెకు పోతాది."

"కరెంటు పీకెయ్!"

"గది తాళం మార్చినారు. ఇనుప తలుపు, కోసేదానికి గంట పడ్తాది."

బాలచంద్ర బైకు వేగం పెంచాడు. సాక్షి కూడా కల్తీ అయితే పాలన పోయి చేరేది ఆ విషపు సర్వర్‌కే.

బాగేపల్లి ఆఫీసు చేరేసరికి పది యాభై రెండు. గుమ్మం ముందు పగిలిన గుమ్మడికాయ, కుంకుమ, హారతి కర్పూరపు వాసన. కావలి పిళ్ళప్ప ఎదురొచ్చాడు.

"రాప్పా! పూజ ఇప్పుడే అయిపాయ. ఏటేటా ఇంతే, మిషన్లన్నీ ఓ పది నిమిషాలు ఆఫ్ చేసి అమ్మవారికి ఒప్పగిస్తాము."

"సాక్షి డబ్బాను కూడానా?"

"అది మాత్రం ఆయుధం కాదా?"

లోపలి నుంచి మైసూరు పట్టుచీర, మల్లెదండ, చేతిలో ప్రసాదపు సంచితో నమ్రత నవ్వుతూ వచ్చింది. "నేను పక్కనే నిలబడి ఆన్ చేయించినాను. భయం లేదు. మీరు చింతామణికి పోండి."

కర్పూరపు డబ్బాకన్న కాస్త పెద్దదైన ఆ యంత్రం సేవంతుల నడుమ కొత్త కుంకుమతో మెరుస్తోంది. బాలచంద్ర జేబులోంచి సున్నపుకాయ తీశాడు. సున్నం ఉండవలసిన చోట టెస్టర్ ఉంది. పచ్చదీపం వెలిగింది. అంతా సవ్యమే. అయినా అక్కడినుంచి కదలబుద్ధి కాలేదు.

పది యాభై ఎనిమిది. పిళ్ళప్ప ఫోను మోగింది. అటు మాట విని కేకవేశాడు.

"చాకవేలులో మా సుమకు నొప్పులు మొదలైనాయంట! బిడ్డ అడ్డం తిరిగుండాదంట! ఆంబులెన్స్‌కు చేస్తాండాను, రింగవుతానే ఉండాది..."

బాలచంద్ర చప్పున డబ్బా మీది మాల తొలగించి చూశాడు. డబ్బా వెనుక, గాలి రంధ్రాల చుట్టూ, ప్లాస్టిక్ అద్దంలా శుభ్రంగా ఉంది.

"పిళ్ళప్పా, పోయినేటి పసుపు తుడిచినావా?"

"తుడిచేదా! ఆరేండ్ల పసుపు దాన్లో గడ్డకట్టుండాది. అమ్మవారికి పెట్టింది యెవురన్నా తుడుస్తారాప్పా?"

నమ్రత గాజుల సవ్వడి ఆగింది. ఆడిట్ పేరిట యంత్రపు తాళపు కోడ్‌ను నకలు తీసింది. ఆపి ఉంచిన పది నిమిషాల్లో డబ్బాను మార్చింది. భక్తిని మాత్రం నకలు తీయలేకపోయింది.

మల్లెదండలోంచి చిన్న పిస్టల్ బయటికి వచ్చింది. "కదలొద్దు. ఇంకొక్క నిమిషం."

"నా కూతురు ఆడ సస్తాంటే నిమిషమంటావా!" పళ్ళెంలోని కుంకుమనీళ్ళు పిళ్ళప్ప ఆమె కళ్ళలోకి విసిరాడు. గుండు పైకప్పును తాకింది. బాలచంద్ర ఆమె మణికట్టు విరిచి పిస్టల్ లాగాడు. ప్రసాదపు సంచి బోర్లించాడు. చక్కెరపొంగలి దొన్నెల కింద పసుపుకొట్టుకుపోయిన డబ్బా!

పదకొండు. తెరమీద ఎర్ర అక్షరాలు: హార్ట్‌బీట్ అందలేదు. ఒకటి.

నకిలీ తీగ పీకాడు. రెండు.

అసలుది గుచ్చాడు.

మూడు అంకె పడుతుండగానే డబ్బా కన్ను తెరిచింది. ఓటు: చిక్కబళ్ళాపురం. చింతామణి నోరు మూసుకుంది.

పిళ్ళప్ప ఫోనులో కన్నడంలో గొంతు పలికింది: "వాహన చాకవేలిగె హొరటిదె, సార్." బండి చాకవేలుకే బయలుదేరింది.

పిళ్ళప్ప గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. రెండు గంటల తరువాత, బాగేపల్లి ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగి ఆడబిడ్డ పుట్టిందని, తల్లీబిడ్డా క్షేమమని తెలిసేదాకా లేవలేదు. లేచీ లేవగానే అడిగాడు: "వచ్చే ఏడు మిషను ఆఫ్ చేయకూడదాప్పా?"

"పక్కన ఇంకో సాక్షిని పెట్టిస్తాను. ఒకటి పనిలో ఉంటే ఇంకోదానికి పూజ చేసుకో."

సాయంకాలం బాలచంద్ర నివేదిక పూర్తి చేశాడు. 'అసలు యంత్రాన్ని గుర్తించిన సెక్యూరిటీ విధానం' అన్న గడి దగ్గరకు వచ్చాడు. అందులో దస్తూరి చెడకుండా ఒకే మాట రాశాడు: పసుపు.