కుట్టు వెంబడి కోత

కుట్టుమిషను చప్పుడుతోనే ఆ ఇల్లు నిద్ర లేచేది. ఆ ఉదయమూ అలాగే లేచింది. కానీ మిషను ముందు కూర్చున్న తల్లి చేతిలో ఉన్నది ఎదురింటివారి దిండు గలీబు. గోడకు తగిలించిన నీలం ప్యాంటు వైపు ఆమె చూడనైనా లేదు. వీధిలో అందరి బట్టలనూ ఒంటికి కుదిర్చే ఆ చేతులు, కన్నకూతురి యూనిఫాంను మాత్రం ఇంటికి వచ్చిన నాటినుంచి ముట్టలేదు.

కూతురే ఆ ప్యాంటు తొడుక్కుని, నడుం దగ్గర పిన్నీసు గుచ్చుకుని, కాళ్ల దగ్గర మడతలు పెట్టుకుని బయటికి వచ్చింది. బడి చదువు ముగియగానే ఆ పిల్ల ప్రజాసేవల వృత్తి కోర్సులో చేరింది. మంటలార్పడం, గాయపడ్డవారిని మోయడం, ఆపదలో ఉన్నవారి దగ్గరికి అందరికన్నా ముందు చేరడం నేర్పే చదువు అది. తల్లి కోరుకున్నది పద్దుల చదువు, నీడపట్టున కుర్చీలో కూర్చునే ఉద్యోగం. కోర్సు మార్చుకోవడానికి ఆ సాయంత్రమే ఆఖరు గడువు.

“నోట్లో నాలుక లేనిదానివి,” అంది తల్లి దారం కొరికి. “మొన్న మీ నాన్న బస్సులోనే ఎవడో కాలు తొక్కితే, తియ్యమనలేక దిగేదాకా అలాగే నిలబడ్డావు. మంటల్లో నువ్వు ఎవర్ని పిలుస్తావే? పిలిచినా ఎవరికి వినపడుతుంది?”

“నేర్చుకుంటానమ్మా.”

“ఏమిటీ?”

“నేర్చుకుంటానన్నాను.”

బస్సు నడిపే తండ్రి బూట్లు తుడుచుకుంటూ నవ్వాడు. కూతురికి ‘గుసగుస’ అని ముద్దుపేరు పెట్టింది ఆయనే. “మా గుసగుసకు గొంతెందుకే? ఫైరింజనుకు సైరను ఉంటుందిగా.”

“మీకన్నీ వేళాకోళాలే. రేపు దానికేమైనా అయితే సైరను వచ్చి ఏడుస్తుందా?”

గడప దాటుతూ కూతురు, ఎవరికీ ఏమీ కాకూడదనే కదా నేర్చుకునేది, అని గొణిగింది. తల్లి విననట్టే ఊరుకుంది. వినపడింది మాత్రం స్పష్టంగా.

కాసేపటికి ఆమె మిషను మీద గుడ్డ కప్పింది. తాను కుట్టుకున్నవాటిలో తనకు అన్నిటికన్నా ఇష్టమైన గోధుమరంగు కోటు వేసుకుంది. శిక్షకురాలిని కలిసి, మా పిల్లను వదిలిపెట్టండమ్మా అని అడిగి తీరాలని బయలుదేరింది.

కాలేజీ ఆవరణ ఈలలతో, కేకలతో దద్దరిల్లుతోంది. ఆ రోజు సహాయక చర్యల సాధన. క్షతగాత్రుల్లా పడుకోవడానికి కొందరు బయటినుంచి వస్తామన్నారు, వారిలో ఒకరు రాలేదు. మెడలో ఈల వేసుకున్న శిక్షకురాలు గేటు దగ్గర తల్లిని చూసి, “వచ్చారా! మీ కోసమే చూస్తున్నాం” అంటూ చెయ్యి పట్టుకుంది. తాను వస్తున్నట్టు ఈమెకెలా తెలుసని తల్లి తికమకపడేలోపే నుదుటికి ఎర్రరంగు పూశారు. ఒక షెడ్డులో ఒరిగిన చెక్కల కింద పడుకోబెట్టారు. కాలు విరిగింది, చెయ్యి తెగింది, లేవకూడదు, మాట్లాడకూడదు అని చెప్పి వెళ్లిపోయారు. వీధిలో ఎవరికీ మాట దక్కనివ్వని మనిషికి ఆ క్షణాన నోరు పెగల్లేదు.

పొగ కమ్ముకుంది. అది హాని చేయని పొగేనని మనసుకు తెలిసినా గుండెకు తెలియదు. బయట ఒకటే కేకలు. కేక వినపడ్డప్పుడల్లా ఆమెలో భయం ఒక మెట్టు పైకెక్కింది. ఇది ఆటో నిజమో మరచిపోయేటంతగా ఒళ్లు బిగుసుకుపోయింది.

అప్పుడు చెవి పక్కనే, తగ్గుస్వరంలో ఒక మాట.

“భయపడకండి. మీ సాయానికే వచ్చాను. మీ పక్కనే ఉన్నాను.”

పొగలోంచి కూతురి ముఖం కనపడింది. తల్లిని గుర్తుపట్టి ఆ ముఖం ఒక్క లిప్తపాటు చలించింది. మరుక్షణంలో కుదుటపడింది.

“మీ చెయ్యి చూడాలండీ. కోటు చెయ్యి కోస్తాను. కుట్టు వెంబడే కోస్తాను, మళ్లీ కుట్టుకోవచ్చు. సరేనా?”

తల్లి తల ఊపింది. భుజం నుంచి మణికట్టు దాకా కత్తెర మెల్లగా సాగింది. దారాలు ఒక్కొక్కటే వీడాయి, గుడ్డకు గాటు పడలేదు. చిన్నప్పుడు మిషను పక్కన చతికిలబడి పాత బట్టల కుట్లు విప్పిన వేళ్లవి. ఇప్పుడు తల పట్టుకుంటాను, ఇప్పుడు మిమ్మల్ని ఎత్తుతాం, కాస్త కుదుపు ఉంటుంది అని ప్రతి పనినీ ముందుగా చెప్పి చేసింది ఆ పిల్ల. తల్లి గుండె దడ, ఆ గొంతు వెంబడే, మెట్టు మెట్టుగా కిందికి దిగింది.

వెలుతురులోకి తెచ్చాక శిక్షకురాలు ఆ కోటు చేతిని తిప్పి చూసింది. కంగారులో అందరూ అడ్డదిడ్డంగా కోసేస్తారని, ఇంత శుభ్రమైన కోత ఎవరు నేర్పారని అడిగింది.

“మా అమ్మ,” అంది కూతురు.

“ఆవిడెక్కడుంటారు?”

“ఇదిగోండి, స్ట్రెచరు మీద.”

శిక్షకురాలు నాలుక కరుచుకుంది. పొరబాటుకు పదేపదే క్షమాపణ చెప్పి, ఇంతకీ ఏ పని మీద వచ్చారమ్మా అని అడిగింది. కూతురు తల వంచుకుంది. అమ్మ ఎందుకు వచ్చిందో ఆ పిల్లకు అర్థమైపోయింది. పిన్నీసు ఉన్నచోట చెయ్యి బిగించి నిలబడింది.

తల్లి లేచి కూర్చుంది. వదులుగా వేలాడుతున్న ఆ ప్యాంటును తొలిసారి తేరిపార చూసింది.

“దీని నడుం కొలత తీసుకుందామని వచ్చానండీ,” అంది.

సాయంత్రం తండ్రి ఇంటికి వచ్చేసరికి నీలం ప్యాంటు మిషను మీద ఉంది. పక్కన కూర్చుని కూతురు సూదీదారంతో కోటు చెయ్యి కుడుతోంది. కోసినవాళ్లే కుట్టాలని తల్లి ఆజ్ఞ.

విషయమంతా విని ఆయన, “ఇంతకీ మా గుసగుస గొంతు వినపడిందా?” అన్నాడు.

తల్లి పెడల్ మీద కాలు ఆపింది. కళ్లు చెమర్చాయి. “అందరూ అరుస్తుంటే నాకు భయమేసిందండీ. దాని మాట వినపడ్డాకే ఊపిరాడింది.”

ప్యాంటు అంచుల్లో మిగిలిన గుడ్డను ఆమె తీసేయలేదు. లోపలికి మడిచి, విప్పుకోవడానికి వీలుగా కుట్టింది. కూతురు వేలితో ఆ మడత తడిమి చూసింది.

“కత్తిరించలేదేమమ్మా?”

“ఇంకా ఎదుగుతావు,” అంది తల్లి. ఈసారి గుసగుసగా చెప్పింది తల్లే.