రుచి చెప్పమన్న అమ్మాయి

కొత్త బాణలి కొనాలి. పాతది పక్కింటివాళ్ళకి ఇచ్చేయాలి.
చెక్క గరిటెలు, జల్లెడ ఇంట్లో ఉంచకూడదు. ఎంత కడిగినా వాటిలో పిండి దాక్కుంటుందట.
వేసుకునే మాత్రల్లో గోధుమ పిండి కలుపుతారేమో మందుల షాపులో అడగాలి.
అక్కకి ఫోన్ చేయాలి. ఏడవకూడదు.
పుట్టినరోజు కేకుల దగ్గర ఏం చెప్పి తప్పించుకోవాలో ఆలోచించుకోవాలి.
ఆరు నెలలకి మళ్ళీ రక్త పరీక్ష.
కొత్తవాడికి పని నేర్పాలి.

ఆ చివరి వరుసలోని కొత్తవాణ్ణి నేనే.

ఆ జాబితా నా కంట పడటానికి మూడు వారాలు పట్టింది. మొదటి రోజు నాకు అర్థమైంది ఒక్కటే, అది రాసిన అమ్మాయికి నేనంటే గిట్టలేదని.

అది బిస్కెట్ల ఫ్యాక్టరీ. పై అంతస్తులో తెల్ల గోడల గది ఒకటి ఉండేది. పొయ్యిలోంచి వచ్చే ప్రతి విడతలోంచీ నాలుగు బిస్కెట్లు ఆ గదికి వస్తాయి. వాటిని కొరికి చూసి, రంగు, వాసన, కరకర, తీపి, ఒక్కోదానికి పదికి ఎన్నో అంకె వేయాలి. ఈ పనికి డిగ్రీ ఉండాలన్నారు. మా వంశంలో డిగ్రీ అనేది నా ఒక్కడికే ఉంది. సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ ఫైల్లో పెట్టుకుని, ఫైలుని గుండెకి ఆనించుకుని వెళ్ళాను. ఎవరూ అడగలేదు.

గదిలో ఆమె ఉంది. ముక్కూ నోరూ కప్పేస్తూ మాస్కు, పైన రెండు కళ్ళు. కింద పనివాళ్ళు ఆమెని కరకర మేడం అనేవాళ్ళు. ఏడేళ్ళుగా ఆమె వేసిన అంకె తప్పిందని ఎవరూ అనలేదు. నా ముందు పన్నెండు బిస్కెట్లున్న పళ్ళెం పెట్టి, రుచి చూసి రాయమని చెప్పి వెళ్ళిపోయింది.

పావుగంట తర్వాత తిరిగొచ్చి చూస్తే పళ్ళెం ఖాళీ. కాగితమూ ఖాళీ.

"బిస్కెట్లేవండీ?"

"తినేశానండి."

"పన్నెండూనా?"

మా ఇంట్లో కంచంలో పెట్టింది వదిలితే అమ్మ ఊరుకోదు. ఆ సంగతి చెప్పాలో వద్దో తెలియక తలూపాను.

"ఎలా ఉన్నాయి?"

"అన్నీ బాగున్నాయండి."

"వాటిలో మూడింటిని చేసి నెలయింది. ఒకదాన్ని రాత్రంతా సబ్బు పక్కన పెట్టి ఉంచాను."

ఆ సబ్బు బిస్కెట్టు నాకు మరీ నచ్చిందన్న మాట మాత్రం పైకి అనలేదు. సాయంత్రానికల్లా ఫ్యాక్టరీ అంతా నా పేరు 'పన్నెండు' అయిపోయింది. ఫ్యాక్టరీ మూతపడే దాకా కొందరు నన్ను అలాగే పిలిచారు.

ఆ తర్వాత పాఠాలు మొదలయ్యాయి. కొరికి, నాలుక మీద తిప్పి, గిన్నెలో ఉమ్మేసి, నీళ్ళతో పుక్కిలించి, అప్పుడు రెండోది. ఉమ్మేయడం నా వల్ల కాలేదు. తిండిని ఉమ్మడం పాపమని పెరిగినవాణ్ణి. ఆమె విసుక్కునేది. మీరు ఆకలితో తింటున్నారు, ఆకలి పక్కన పెట్టి రండి అనేది. తను మాత్రం బల్లకి ఆ చివర, కిటికీ పక్కన కూర్చునేది. ఒక్క బిస్కెట్టూ ముట్టేది కాదు. పొగరనుకున్నాను.

మూడో వారం ఓ మధ్యాహ్నం వాన పట్టుకుంది. నేను బిస్కెట్ విరిచాను. ఆమె కిటికీలోంచి వాన చూస్తూనే, వెనక్కి తిరక్కుండా, ఆరు అంది. నేను కొరికి చూశాను. నిజంగా ఆరే. ఇంకోటి విరిచాను. ఐదున్నర అంది. అదీ సరిపోయింది.

ఎలా తెలిసిందని అడిగాను.

"వాన రోజున బిస్కెట్ గొంతు తగ్గించి మాట్లాడుతుందండి. గాల్లో తడికి మెత్తబడుతుంది. చెవి పెట్టి వినండి, తెలుస్తుంది."

ఆ రోజు లెక్కలు వేయడానికి ఆమె ఇచ్చిన పాత కాగితం వెనక ఆ జాబితా ఉంది. చదివాను. చదవకూడనిది చదివానని తెలిసి తిరిగి ఇచ్చేశాను. ఆమె ఏం దాచకుండా చెప్పింది.

ఏళ్ళ తరబడి నీరసం. రక్తం తక్కువ అన్నారు, మాత్రలిచ్చారు. కడుపుబ్బరం, విరేచనాలు, మనిషి చీపురుపుల్ల అయిపోవడం. అరగదులే అన్నారు ఇంట్లో. చివరికి ఒక డాక్టరమ్మ రక్త పరీక్ష చేయించి, గొట్టం వేసి పేగులోంచి చిన్న ముక్క తీసి చూసి, పేరు చెప్పింది. సీలియాక్. గోధుమ, బార్లీ, రై అనే విదేశీ ధాన్యం, వీటిలో ఉండే గ్లూటెన్ అనే జిగురు ఆమె ఒంటికి పడదు. తిన్నప్పుడల్లా ఒళ్ళే తిరగబడి పేగు లోపలి పొరని పాడు చేస్తుంది. దానికి మందు లేదు. జన్మలో మళ్ళీ తినకపోవడమే మందు. గాల్లో లేచే పిండి కూడా నోట్లోకి పోకూడదు. నాకు పని నేర్పడానికి నెల రోజులు, అదీ మాస్కుతో. ఆ తర్వాత ఆమెని లేబుళ్ళ విభాగానికి మారుస్తారు.

"ఏడేళ్ళు నాకు అన్నం పెట్టిన బిస్కెట్టేనండీ, లోపల్లోపల నన్ను తినేసింది," అంది. నవ్వుతూనే అంది.

పిడుగు లాంటి ఆ జబ్బు కన్నా జనం మాటలే ఎక్కువ కష్టమట. ఒక్క ముక్కకి ఏమవుతుందే అంటుందట అక్క. ఇవన్నీ ఈ కాలం వేషాలు అంటాడట బాబాయి. ఎవరింటికీ వెళ్ళడం మానేసిందట. తనకోసం పెట్టిన కంచం ముందు కూర్చుని ప్రశ్నలడగడం ఆమెకి సిగ్గు.

నాకు ఓదార్చడం రాదు. రేపటి నుంచి మీతో పాటు భోజనం చేస్తాను, నేనూ అన్నమే తెచ్చుకుంటాను అన్నాను. మీ ఇష్టం అంది. కొత్త స్టీలు డబ్బా కొన్నాను. భోజనానికి ముందు పళ్ళు తోముకుని, గోళ్ళ సందులు కూడా రుద్దుకుని వెళ్ళేవాణ్ణి. పన్నెండుకి మధ్యాహ్నం తెల్లవారుతుందిరోయ్ అని కింద కుర్రాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు.

నెల గడిచింది. ఆమె లేబుళ్ళకి మారింది. కానీ మా భోజనం ఆగలేదు. ఒకరోజు ఆమె, కొత్తగా వచ్చిన కొబ్బరి బిస్కెట్ ఎలా ఉందని అడిగింది. తియ్యగా ఉందన్నాను.

"అంతేనా? ఏడేళ్ళు తిన్నదాన్ని, ఒక్క మాటతో సరిపెడతారా?"

అప్పటి నుంచి రోజూ ఆమెకి రుచి చెప్పడం నా పనయింది. పళ్ళ కింద మొదట ఎలా విరిగింది, వెన్న ఎప్పుడు బయటపడింది, మింగాక గొంతులో ఏం మిగిలింది. నాకు మాటలు తక్కువ. వెతుక్కుని చెప్పేవాణ్ణి. ఆమె కళ్ళు మూసుకుని వినేది. మాస్కు లేని ఆ ముఖాన్ని అంత తీరిగ్గా చూడటానికి నాకు దొరికే సమయం అదొక్కటే. అందుకని ఒక్కోసారి మామూలు ఉప్పు బిస్కెట్టుకి కూడా పది నిమిషాలు పట్టేది. ఒకసారి కళ్ళు తెరవకుండానే, ఇప్పుడు చెప్తున్నది బిస్కెట్ గురించేనా అని అడిగింది. నేను తడబడ్డాను. ఆమె పెదవి చివర నవ్వు ఆగింది. ఆ నవ్వుకి నేను ఏ అంకె వేయాలో ఇప్పటికీ తెలియదు.

ఇంట్లో అమ్మకి చెప్పాను. ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ ఒక హాస్టల్‌కి రొట్టెలు చేసి పంపేది. రోజుకి రెండు వందల గోధుమ రొట్టెలు. తెల్లారేసరికి మా ఇల్లంతా పిండే. తలుపు గొళ్ళెం మీద పిండి, నా పుస్తకాల మీద పిండి. నా డిగ్రీ ఆ రొట్టెల పీట మీద వచ్చింది.

అమ్మ అంతా శ్రద్ధగా విని, పాపం పిల్ల రొట్టె తినకుండా ఎలా ఉంటుందిరా అంది. మర్నాడు బియ్యం తెచ్చి తనే విసిరి, ఆరు బియ్యపు రొట్టెలు చేసి, గుడ్డలో చుట్టి ఇచ్చింది. గోధుమ ఒక్క రవ్వ కూడా కలపలేదని అమ్మ నాకు చెప్పింది, నేను ఆమెకి చెప్పాను. ఆమె నా ముఖం చూసి, ఏమీ అడగకుండా రెండు తిన్నది.

మర్నాడు ఆమె రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఐదో రోజు వచ్చింది కానీ భోజనానికి రాలేదు. మెట్ల మీద ఎదురుపడితే పని ఉందంది. మా అమ్మ రొట్టెలు మోటుగా ఉన్నాయేమో, మా బతుకు ఆమెకి కనబడిపోయిందేమో అనుకున్నాను. నాలుగు రోజులు రోషంగా తిరిగాను. ఐదో రోజు రోషం చాలక లేబుళ్ళ గదికి వెళ్ళి నిలబడ్డాను.

ఆమె ముఖం పాలిపోయి ఉంది. అప్పటికి నా బుర్రకి తట్టింది. పీట. పదిహేనేళ్ళ గోధుమ పిండి పట్టిన చెక్క పీట, పగుళ్ళ నిండా పిండి. చెక్కలో పిండి దాక్కుంటుందని నా కళ్ళతో నేను చదివాను. అయినా అమ్మ పీట మీద నాకు అనుమానమే రాలేదు. నన్ను పెంచిన పీట మరి.

"అడిగి ఉండాల్సింది కదండీ," అన్నాను.

"మీ అమ్మగారు అంత ప్రేమగా చేసి పంపిస్తే, ఏ పీట మీద చేశారని అడగనా?"

ఇంక దాచుకుని లాభం లేదనిపించింది. మీకు రోజూ రుచి చెప్పే పని నాకు జీవితాంతం కావాలని చెప్పేశాను. గదిలో అచ్చు యంత్రం చప్పుడు చేస్తోంది. ఆమె దాన్ని ఆపింది.

"నాకూ ఇష్టమే. దాచడం ఎందుకు. కానీ మీ ఇంట్లో నేను బతకలేను. ఆ పిండితో మిమ్మల్ని చదివించిన మనిషిని, నాకోసం ఆ చేతులు కడుక్కోమని ఏ నోటితో చెప్పను? మీరూ చెప్పకండి. చెప్తే మీ మీద నాకున్న గౌరవం పోతుంది."

సరేనన్నాను. అమ్మకి చెప్పకూడదనే అనుకున్నాను. కానీ మా అమ్మ దగ్గర ఏదైనా దాచడం నాకు చేతనైతే, ఆ మొదటి రోజు పన్నెండు బిస్కెట్లూ జేబులో దాచేసేవాణ్ణి. రెండు పూటలు నేను సరిగ్గా తినకపోయేసరికి మొత్తం కక్కించింది. అంతా విని లేచింది. పీట దగ్గరికి వెళ్ళి, పగుళ్ళలో వేలు పెట్టి, ఆ వేలు చాలాసేపు చూసుకుంది.

ఆదివారం పొద్దున్నే తలస్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, పద అంది. వట్టి చేతులతో ఎవరింటికీ వెళ్ళని మనిషి ఆ రోజు వట్టి చేతులతో బయల్దేరింది. తలుపు తీసిన ఆమె మమ్మల్ని చూసి కంగారుపడింది. అమ్మ గుమ్మంలోనే నిలబడింది.

"నాకు చదువు రాదు తల్లీ. వీడు చెప్తే విన్నాను, విని కూడా నీకు చేటు చేశాను. గోధుమ అన్న మాట రాస్తే ఎలా ఉంటుందో ఓ కాగితం మీద రాసివ్వు. ఇంకేమేం పడవో అవీ రాయి. నేను నేర్చుకుంటాను."

ఆమె నా వైపు చూసింది, చెప్పేశారా అన్నట్టు. నేను నేల చూశాను. కాగితం తెచ్చి, ప్యాకెట్ల మీద ఉండేట్టు ఇంగ్లీషు అక్షరాల్లో మూడు మాటలు రాసింది. గోధుమ. బార్లీ. రై. అమ్మ ఆ అక్షరాల మీద వేలు పెట్టి, అవి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నాయో నెమ్మదిగా దిద్దింది. తర్వాత తను చేసి వచ్చిన పని చెప్పింది. హాస్టల్ వంటగదిలోనే ఒక మూల రొట్టెలు చేసుకోవడానికి ఒప్పుకున్నారట. అక్కడే స్నానం, అక్కడే బట్టలు మార్చుకోవడం. ఇంటికి పిండి రాదు.

ఆమె, నాకోసం మీ పని ఎందుకు మార్చుకుంటారండీ అంది.

"పని మారట్లేదమ్మా, చోటు మారుతోంది. రొట్టె నా కొడుకుని చదివించింది, దాన్ని నేనెందుకు వదులుకుంటాను? కానీ నా ఇంట్లో నువ్వు భయపడుతూ అన్నం తింటే, అది నాకు వంటిల్లు కాదు."

ఆమె లోపలికి వెళ్ళి కుర్చీ తెచ్చి వేసింది.

"కూర్చోండి అత్తయ్యా," అంది.

ఇదంతా ముప్ఫై రెండేళ్ళ కిందటి మాట. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు. మా ఆవిడ ఆరోగ్యంగా ఉంది. ఆ ఇంటి వంటింట్లో ఆమె మళ్ళీ ఒక్కసారి కూడా జబ్బు పడలేదు. ఎందుకంటే సరుకులు తెచ్చే పని అమ్మ ఎవరికీ ఇవ్వలేదు. దుకాణంలో ప్రతి ప్యాకెట్టూ వెనక్కి తిప్పేది. సన్న అక్షరాల వరుసల కింద వేలు పెట్టి, తనకి తెలిసిన ఆ మూడు మాటల కోసం మొదటి నుంచి చివరి దాకా వెతికేది. వెనక వరుసలో జనం గొణిగేవాళ్ళు. త్వరగా కానీయమ్మా అని దుకాణదారు అనేవాడు. అమ్మ వినిపించుకునేది కాదు. పోయేనాటికి ఆమె చదవగలిగిన మాటలు ఆ మూడే. నాలాగా డిగ్రీ ఉన్నవాడు చదివి కూడా మరిచిపోయిన చోట, ఆమె ఏనాడూ పొరబడలేదు.

మీరెప్పుడైనా దుకాణంలో తొందరలో ఉన్నప్పుడు, ముందు నిలబడ్డ ముసలావిడ ఎవరైనా ప్యాకెట్ వెనక్కి తిప్పి అక్షరం అక్షరం వెతుకుతుంటే, దయచేసి విసుక్కోకండి. ఆ కాసేపూ మా అమ్మని తలుచుకోండి.